ఒడ్డున వడగాలి, అడుగున చలి: వేసవి సముద్రంలో డైవింగ్‌కు వెట్‌సూట్ ఎంత మందం ఉండాలి?

మే నెల మధ్యాహ్నం కాకినాడ రేవులోనో, ఓడలరేవు ఇసుకలోనో నిలబడిన మనిషికి వెట్‌సూట్, అంటే నియోప్రీన్ అనే నురగ రబ్బరుతో చేసిన డైవింగ్ సూట్ తొడుక్కోవాలన్న మాట వింటేనే ఒళ్లంతా చెమట పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన నేల ఇది. అందుకే వేసవిలో మునిగిన ఓడలను చూడడానికి బయలుదేరే కొత్త డైవర్లలో చాలామంది, సముద్రం ఎలాగూ గోరువెచ్చగానే ఉంటుందన్న ధీమాతో, రాష్ గార్డ్ అనే సన్నని ఈత చొక్కాతోనో మోకాళ్ల దాకా ఉండే షార్టీతోనో సరిపెట్టుకుంటారు. మరికొందరు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, చల్లని సముద్రాల డైవర్లు ఇచ్చే సలహాలు చదివి 7 మి.మీ. సూట్ తెప్పించుకుని, నీళ్లలోకి దిగకముందే పడవ మీద సొమ్మసిల్లే స్థితికి వస్తారు. రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. ఒకరు మందాన్ని ఒడ్డున కాసే ఎండను బట్టి ఎంచుకున్నారు, మరొకరు పరాయి సముద్రపు అలవాటును బట్టి ఎంచుకున్నారు. తాము దిగబోయే నీటిని ఇద్దరూ లెక్కలోకి తీసుకోలేదు.

వెట్‌సూట్ మందానికి అసలు పరీక్ష నీటిలోకి దూకిన తొలి క్షణంలో జరగదు. ఆ రోజు చేసే చివరి డైవ్‌లో చివరి పది నిమిషాలలో జరుగుతుంది. అప్పటికి శరీరం ఎంత వేడిని పోగొట్టుకుంది, వేళ్లు ఇంకా చెప్పినట్టు వింటున్నాయా, పైకి వచ్చే దారిలో ఆగవలసిన చోట వణకకుండా ఆగగలరా అన్న ప్రశ్నలకు దొరికే జవాబే సరైన మందం. ఈ కొలతతో చూస్తే బంగాళాఖాతపు పశ్చిమ తీరంలో వేసవి డైవింగ్‌కు చేతులూ కాళ్లూ పూర్తిగా కప్పే 3 మి.మీ. సూట్‌ను మొదటి మెట్టుగా తీసుకోవాలి. లోతు పెరిగినా, రోజుకు డైవ్‌ల సంఖ్య పెరిగినా 5 మి.మీ. వైపు జరగాలి. 7 మి.మీ. సూట్‌కు ఈ తీరంలో వేసవిలో దాదాపు పని లేదు.

ఈ తీరంలో ఏ ఓడలు, ఎంత లోతు

గోదావరి డెల్టా ముందరి సముద్రానికి ఓడలు కొత్త కాదు, ఓడలు మునగడమూ కొత్త కాదు. గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు; 1839 నవంబరు నాటి తుఫాను, ఉప్పెన దాన్ని మళ్లీ కోలుకోలేనంతగా దెబ్బతీశాయి. అయితే ఆనాటివి చెక్క ఓడలు. వెచ్చని సముద్రంలో చెక్కను తొలిచే పురుగులు, ఏటా నది తెచ్చి పోసే ఒండ్రు కలిసి అలాంటి ఓడలను డైవర్ చూడగలిగే రూపంలో మిగలనివ్వవు. ఇనుప ఓడల సంగతి వేరు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజులలోనే జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలను ముంచివేసింది. అదే నెల 9న శ్రీలంక తూర్పు తీరంలో బట్టికలోవా ఎదుట మునిగిన బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్ ఇప్పుడు 50 మీటర్లు దాటిన లోతులో పడి ఉంది. వినోద డైవింగ్‌కు శిక్షణ సంస్థలు పెట్టిన 40 మీటర్ల హద్దుకు అది అవతలిది, ప్రత్యేక శిక్షణ ఉన్నవారికే అందేది. 1971 డిసెంబరులో విశాఖ ఎదుట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని లెక్కలోకే తీసుకోనక్కరలేదు. అది చనిపోయినవారి సమాధిగా మిగలవలసిన చోటు.

డెల్టాకు సరిగ్గా ఎదుట ఉన్న సముద్రం డైవింగ్‌కు అంతగా అనువైనది కాదని ఒప్పుకోవాలి. అడుగు మెత్తని ఒండ్రు. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ దాటి సముద్రానికి చేరే నీరు బాగా తగ్గిపోతుంది కాబట్టి, జూలై వరదల కాలంతో పోలిస్తే నీరు కొంత తేటపడుతుంది. అయినా ఫిన్ (కాలికి తొడిగే రెక్క) ఒకసారి అడుగుకు తగిలితే లేచిన బురదలో చెయ్యి కూడా కనిపించదు. అందువల్ల కాకినాడ, అమలాపురం, నరసాపురం ప్రాంతాల నుంచి డైవింగ్ నేర్చుకున్నవారు సాధారణంగా విశాఖ, పుదుచ్చేరి, అండమాన్, శ్రీలంక తూర్పు తీరం వైపు వెళతారు. ఇవన్నీ బంగాళాఖాతం చుట్టూ ఉన్నవే కాబట్టి మందం గురించిన ఆలోచనకు పునాది ఒకటే, ఆయా చోట్ల లోతూ ప్రవాహమూ మాత్రమే మారతాయి. స్థానికంగా మునిగిన ఓడ ఎక్కడ ఉండవచ్చో మ్యాపుల కన్నా ముందుగా మత్స్యకారులకే తెలుస్తుంది. పదేపదే వల చిక్కి చినిగే చోటును సరంగులు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని తప్పుకుని పోతుంటారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజులలో కొత్త వలలు పడవు గాని, పాత ఓడలకు అంతకుముందే చుట్టుకుని ఉండిపోయిన తెగిన వలలు ఎక్కడికీ పోవు. వాటి ప్రస్తావన మందం చర్చలోకి మళ్లీ వస్తుంది.

వేసవి నీటిలో పొరలు

వేసవిలో ఈ తీరం వెంబడి సముద్రపు పైనీరు సుమారు 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఆ అంకె చూసే చాలామంది మందం నిర్ణయించుకుంటారు. కాని ఆ వెచ్చదనం పై పొరకే పరిమితం. మార్చి నుంచి మే వరకు ఎండ బలంగా ఉండి, సముద్రాన్ని కిందిదాకా కలిపే తుఫాను గాలులు తక్కువగా ఉన్నప్పుడు ఈ వెచ్చని పొర పలచగా నిలుస్తుంది. దాని కింద ఉష్ణోగ్రత తక్కువ దూరంలోనే పడిపోయే పొర మొదలవుతుంది. డైవర్లు థర్మోక్లైన్ అనేది దీన్నే. 10 మీటర్ల దగ్గర 29 డిగ్రీలు చూపిన డైవ్ కంప్యూటర్ (డైవర్ వెంట ఉండి లోతు, ఉష్ణోగ్రత చూపే పరికరం) 30 మీటర్ల దగ్గర రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపవచ్చు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ కూడా చూపవచ్చు. ఈ పొరను దాటే క్షణం స్పష్టంగా తెలుస్తుంది. ఎండకు కాలిన రోడ్డు మీద గాలి కదిలినట్టు ముందున్న దృశ్యం అలలు అలలుగా వంకర్లు పోతుంది, ఆ వెంటనే ముఖం మీద, మణికట్ల దగ్గర చల్లదనం తగులుతుంది.

దీనికి తోడు ఆంధ్ర తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. వేసవిలో గాలి కూడా ఎక్కువగా అదే దిశలో, తీరానికి సమాంతరంగా వీస్తుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి తోసే పైనీరు గాలి దిశకు కుడివైపు, అంటే ఇక్కడ సముద్రం లోపలికి మళ్లుతుంది. అలా ఖాళీ అయిన చోటును నింపడానికి కింది నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరంలో ఇలా కింది నీరు పైకి రావడాన్ని అధ్యయనం చేసినవారిలో ముందువారు. చేపలకు మేత పెరగడానికి కారణమయ్యే ఈ ప్రక్రియే డైవర్ లెక్కలను తారుమారు చేస్తుంది. ఊళ్లో నిప్పులు కురుస్తున్న వారంలోనే, గాలి నాలుగు రోజులు గట్టిగా వీస్తే, తీరం దగ్గర నీరు అంతకు ముందు వారం కన్నా చల్లగా ఉండవచ్చు. ఎండ పెరిగింది కాబట్టి నీరూ వేడెక్కి ఉంటుందన్న ఊహ పనిచేయని రోజులు సరిగ్గా ఇవే.

అదృష్టవశాత్తు ఇది గుడ్డిగా ఊహించుకోవలసిన విషయం కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు పైనీటి ఉష్ణోగ్రతను, అలల అంచనాలను క్రమంగా ప్రకటిస్తుంది. చేపలు దొరికే చోట్ల గురించి మత్స్యకారులకు తెలుగులో అందే సూచనలు కూడా కొంతవరకు ఆ ఉష్ణోగ్రత తేడాల మీద ఆధారపడతాయి. అయితే ఉపగ్రహం చూసేది పైనీటినే. అడుగున ఎంత ఉందో చెప్పేది అంతకు ముందు రోజు అక్కడ దిగినవారి డైవ్ కంప్యూటర్. సూట్ ఏది తీసుకోవాలని డైవ్ సెంటర్‌ను అడిగేటప్పుడు “నీరు ఎలా ఉంది” అని కాక, “నిన్న అడుగున కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంత చూపింది” అని అడిగితేనే పనికొచ్చే జవాబు వస్తుంది.

27 డిగ్రీలు చలి ఎందుకవుతుంది

నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. కదలకుండా, బట్టలు లేకుండా నీటిలో ఉన్న మనిషి వేడి కోల్పోకుండా ఉండాలంటే ఆ నీరు సుమారు 33 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. అంటే కాలువలో ఈదుతున్నప్పుడు హాయిగా అనిపించే 29 డిగ్రీల నీరు కూడా నిజానికి నెమ్మదిగా ఒంటిని చల్లబరుస్తూనే ఉంటుంది; ఈత కొట్టేటప్పుడు కండరాలు పుట్టించే వేడి ఆ నష్టాన్ని కప్పిపుచ్చుతుంది, అంతే. చిన్నప్పటి నుంచి గోదావరి పాయలలో, పంట కాలువలలో మునిగి తేలినవారికి తమకు నీటి చలి పట్టదన్న నమ్మకం ఉండడం సహజమే. కాని డైవింగ్‌లో, ముఖ్యంగా ఓడ దగ్గర, శరీరం దాదాపు కదలదు. పైగా సిలిండర్ నుంచి వచ్చే గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. ప్రతి శ్వాసలో దాన్ని వేడి చేయడానికి, తడి చేయడానికి శరీరం తన వేడినే ఖర్చు పెడుతుంది, లోతు పెరిగే కొద్దీ శ్వాసలో గాలి దట్టమై ఆ ఖర్చు పెరుగుతుంది.

చలిని కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయంగా చూడకూడదని చెప్పే ఒక ముఖ్యమైన ప్రయోగం ఉంది. అమెరికా నౌకాదళపు ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2007లో వెలువరించిన నివేదికలో, డైవర్లను అడుగున ఒకసారి వెచ్చగా, ఒకసారి చల్లగా ఉంచి, పైకి వచ్చే దశలో కూడా అలాగే మార్చి చూశారు. అడుగున వెచ్చగా ఉండి పైకి వచ్చేటప్పుడు చల్లబడిన డైవర్లలో డీకంప్రెషన్ జబ్బు (ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకి వచ్చేటప్పుడు బుడగలు కట్టడం వల్ల వచ్చేది) ఎక్కువగా కనిపించింది; అడుగున చల్లగా ఉండి, పైకి వచ్చేటప్పుడు వెచ్చగా ఉన్నవారిలో చాలా తక్కువగా కనిపించింది. కారణం రక్తప్రసరణ. వెచ్చని శరీరం అడుగున నైట్రోజన్‌ను ఎక్కువగా పీల్చుకుంటుంది, చల్లబడిన శరీరంలో చర్మానికి, కండరాలకు రక్తం తగ్గి ఆ నైట్రోజన్ బయటకు రావడం నెమ్మదిస్తుంది. ఇందులో మనకు ఆసక్తి కలిగించవలసిన అంకె వేరే ఉంది. ఆ ప్రయోగంలో “వెచ్చని” నీరు 36 డిగ్రీలు, “చల్లని” నీరు 27 డిగ్రీలు. అంటే మన తీరంలో గోరువెచ్చనిదని పేరు పడ్డ నీరే అక్కడ చలికి ఉదాహరణగా నిలిచింది.

అయితే ఈ ఫలితాన్ని యథాతథంగా మన సముద్రానికి అతికించడం కూడా సరికాదు. ఇక్కడ వేసవిలో చలి ఉండేది అడుగున; పైకి వచ్చే దారిలో 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగి సేఫ్టీ స్టాప్ చేసే చోట నీరు సాధారణంగా వెచ్చగా ఉంటుంది. వరుస మనకు అనుకూలంగానే ఉందన్నమాట. కాని ఆ వెచ్చని పొర కూడా 28, 29 డిగ్రీలే కాబట్టి అప్పటికే వణుకు పట్టిన శరీరాన్ని అది తిరిగి వేడెక్కించలేదు, నష్టాన్ని కొంచెం నెమ్మదింపజేస్తుంది. చల్లని నీరు పైదాకా ఎగసి వచ్చిన రోజులలో ఆ కొద్దిపాటి అనుకూలత కూడా ఉండదు. అడుగున కావాలని చలికి గురైతే మంచిదన్న అర్థం కూడా ఆ ప్రయోగంలో వెతకకూడదు. చలికి మొద్దుబారిన వేళ్లతో వలలో చిక్కిన ఫిన్‌ను విడిపించుకోవడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచిస్తే ఆ ఊహ వదిలిపోతుంది.

లోతుకు నలిగే నియోప్రీన్

నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును డ్యూపాంట్ సంస్థ శాస్త్రవేత్తలు 1930లో తయారు చేశారు. దాని నురగ రూపంతో డైవింగ్ సూట్ చేయవచ్చని 1950ల తొలి ఏళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ ప్రతిపాదించాడు. డైవర్ పొడిగా ఉండనక్కరలేదు, వెచ్చగా ఉంటే చాలునన్నది ఆయన గమనించిన కీలకం. వేడిని ఆపేది సూట్‌లోకి చేరిన నీరు కాదు, రబ్బరులో చిక్కుకున్న లెక్కలేనన్ని గాలి బుడగలు. లోపలి నీటి పొర చేయవలసిన పని ఒక్కటే, కదలకుండా ఉండడం.

ఆ బుడగలే ఈ సూట్‌కు బలం, బలహీనత కూడా. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది; 10 మీటర్ల దగ్గర పీడనం పైన ఉన్నదానికి రెట్టింపు, 30 మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. బాయిల్ సూత్రం ప్రకారం బుడగలోని గాలి అదే నిష్పత్తిలో కుంచించుకుపోతుంది. రబ్బరు నలగదు గాని బుడగలు నలుగుతాయి. మొత్తం మీద 30 మీటర్ల దగ్గర సూట్ మందం దాదాపు సగానికి పడిపోతుంది. పడవ మీద 3 మి.మీ. ఉన్న సూట్ అక్కడ ఒకటిన్నర మిల్లీమీటర్ల సూట్‌లా పనిచేస్తుంది, 5 మి.మీ. సూట్ రెండున్నరలా పనిచేస్తుంది. చలి ఎక్కువయ్యే చోటే రక్షణ తగ్గుతుందన్నమాట. సూట్ తయారీదారులు ఇచ్చే ఉష్ణోగ్రత పట్టికలను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 27 డిగ్రీలకు 3 మి.మీ. చాలునని పట్టిక అన్నప్పుడు అది ఒక మోస్తరు లోతులో, తెరిపి లేకుండా ఈదుతున్న, మధ్యస్థ శరీరం గల మనిషిని మనసులో పెట్టుకుని చెప్పే మాట. 30 మీటర్ల దగ్గర ఓడ డెక్ మీద నిలకడగా తేలుతూ చూస్తున్న, బక్కపలుచని మనిషికి అదే పట్టిక వర్తించదు.

ఓడ అడిగే అదనపు రక్షణ

పగడపు దిబ్బల దగ్గర డైవర్ ప్రవాహంతో పాటు సాగిపోతాడు. ఓడ దగ్గర అలా కాదు. కిటికీ ముందు ఆగుతాడు, లోపలికి లైట్ వేసి చూస్తాడు, ప్రొపెల్లర్ దగ్గర ఫోటో కోసం కదలకుండా తేలుతాడు, లంగరు తాడు పట్టుకుని ప్రవాహం తగ్గే దాకా వేచి ఉంటాడు. ఇలా శ్రమ లేకుండా గడిచే నిమిషాలలోనే ఒంటి వేడి ఎక్కువగా పోతుంది. వినోద డైవింగ్ పట్టికలలో ఒకదాని ప్రకారం మామూలు గాలితో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు అడుగున ఉండవచ్చు. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) వాడేవారికి ఈ సమయం పెరుగుతుంది. సమయం పెంచుకోవడానికి నైట్రాక్స్ నేర్చుకున్నవారు, పెరిగిన సమయానికి తగ్గట్టు సూట్ మార్చుకోవడం మాత్రం తరచుగా మరిచిపోతారు.

ఇక ఇనుము సంగతి. దశాబ్దాలుగా ఉప్పునీటిలో ఉన్న ఉక్కు రేకు తుప్పుపట్టి, పలచబడి, అంచులు కత్తిలా తయారవుతాయి. దాని మీద గుల్లలు, ఆల్చిప్పలు పెరిగి ప్రతి ఉపరితలాన్నీ గరుకుగా మారుస్తాయి. నీడ ఉన్న మూలల్లో విషపు ముళ్లున్న లయన్ ఫిష్, రాయిలో రాయిలా కలిసిపోయే తేలు చేప దాగి ఉంటాయి. అందువల్ల నీరు ఎంత వెచ్చగా ఉన్నా, ఓడ దగ్గర మోకాళ్లు, మోచేతులు బయటపెట్టే షార్టీ తప్పుడు ఎంపికే అవుతుంది. నిండు చేతుల, నిండు కాళ్ల సూట్ కావాలని పట్టుబట్టడానికి ఒక్క ఈ కారణమే చాలు. సన్నటి లైక్రా సూట్ కూడా ఒంటిని నిండా కప్పుతుంది గాని, తుప్పు అంచు తగిలితే ఆగదు, 3 మి.మీ. నియోప్రీన్ తాను చిరిగి చర్మాన్ని కాపాడుతుంది. మోకాళ్ల మీద గట్టి గుడ్డ అతికించిన సూట్‌లు ఉంటాయి, ఓడల కోసమే కొనేవారు వాటిని చూడడం మంచిది.

వలల దగ్గర మందం ఎంపికకు ఇంకొక కోణం ఉంది. చిక్కుకున్నప్పుడు చేతికి అందవలసినవి కత్తి, దారాలు కోసే కట్టర్. చాలా మందపు సూట్ వేసుకున్న మనిషి భుజం వెనక్కి తిప్పి సిలిండర్ వాల్వ్‌ను అందుకోలేడు, తొడ మీది కత్తిని చేరలేడు. కొత్తగా 5 మి.మీ. సూట్ కొన్నవారు దాన్ని తొడుక్కుని ఒడ్డునే ఈ రెండు పనులూ చేసి చూడాలి. చేయలేకపోతే ఆ సూట్ వెచ్చగా ఉండడం వల్ల వచ్చే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

ఏ డైవ్‌కు ఏ మందం

ఇంతవరకు చెప్పినవన్నీ కలిపి చూస్తే ఎంపిక మరీ కష్టమేమీ కాదు. ఓడ 18 మీటర్ల లోపు ఉండి, అడుగున నీరు 28 డిగ్రీలకు తగ్గకుండా ఉండి, రోజుకు ఒకటి రెండు డైవ్‌లకే పరిమితమైతే నిండు 3 మి.మీ. సూట్ సరిపోతుంది. సన్నగా ఉన్నవారు, త్వరగా చలి పట్టే స్వభావం ఉన్నవారు దాని కింద హుడ్ అతికించి ఉన్న సన్నని వెస్ట్ వేసుకుంటే ఛాతీ, మెడ, తల మూడూ ఒకేసారి కప్పబడతాయి. ఈ తీరానికి ఇంతకన్నా తెలివైన కొనుగోలు ఇంకొకటి లేదనిపిస్తుంది, ఎందుకంటే అది చిన్నది, చవకది, వద్దనుకున్నప్పుడు సంచిలో పడి ఉంటుంది, కావాలనుకున్నప్పుడు 3 మి.మీ. సూట్‌ను మొండెం మేరకు 5 మి.మీ. సూట్‌గా మారుస్తుంది.

ఓడ 25 నుంచి 40 మీటర్ల మధ్య ఉన్నప్పుడు, లేదా థర్మోక్లైన్ కింద 25, 26 డిగ్రీలు కనిపిస్తున్నప్పుడు 5 మి.మీ. సూట్‌కు మారడమే మేలు. అండమాన్‌కో శ్రీలంకకో వెళ్లి వారం రోజుల పాటు రోజుకు మూడేసి డైవ్‌లు చేసేవారికి లోతుతో పని లేకుండా ఇదే సలహా వర్తిస్తుంది. వేడి నష్టం డైవ్‌కు డైవ్‌కు మధ్య పూర్తిగా తీరదు. మొదటి రోజు ఉదయం హాయిగా ఉన్న సూట్ నాలుగో రోజు మధ్యాహ్నం చాలకపోవడం అందరికీ అనుభవమే. 40 మీటర్లు దాటి, డీకంప్రెషన్ స్టాప్‌లు తప్పనిసరైన డైవ్‌లకు, హెర్మిస్ వంటి ఓడల దగ్గరకు వెళ్లేవారు ఎలాగూ శిక్షకుల పర్యవేక్షణలోనే ఉంటారు. వారికి పై నీటిలో గడిపే అదనపు సమయమే నిర్ణయించే అంశం, అడుగు ఉష్ణోగ్రత కాదు.

7 మి.మీ. సూట్, డ్రైసూట్ వంటివి ఈ తీరపు వేసవికి అక్కరలేదు. వాటితో వచ్చే తేలుడును అణచడానికి మోయవలసిన సీసం, పడవ మీద ఎండలో పడే బాధ, నీటిలో కదలికకు కలిగే అడ్డంకి కలిసి, ఇవ్వగల వెచ్చదనం కన్నా పెద్ద మూల్యాన్ని అడుగుతాయి.

మందం కన్నా ముందు అమరిక

పైన చెప్పిన అంకెలన్నీ ఒంటికి అతుక్కుని ఉండే సూట్‌కే వర్తిస్తాయి. వదులైన 5 మి.మీ. సూట్ కన్నా బిగువైన 3 మి.మీ. సూట్ వెచ్చగా ఉంటుంది. ప్రతి కదలికకు మెడ దగ్గర నుంచి చల్లని నీరు దూరి, లోపల వేడెక్కిన నీటిని నెట్టేస్తుంటే ఎంత మందం ఉన్నా వృథాయే. మన ఒంటి తీరుకు, విదేశీ కంపెనీల కొలతలకు ఎప్పుడూ సరిపడదు. సాధారణంగా నడుము వెనక వంపు దగ్గర, చంకల కింద, మెడ చుట్టూ ఖాళీలు మిగులుతాయి. వేసుకుని నిటారుగా నిలబడి వీపు దిగువన అరచేయి పెట్టి నొక్కినప్పుడు గాలి బుస్సుమని బయటకు వస్తే అక్కడ నీటి గుంట తయారవుతుందని అర్థం.

అద్దె సూట్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వందలసార్లు లోతుకు వెళ్లి వచ్చిన నియోప్రీన్‌లో బుడగలు శాశ్వతంగా నలిగిపోతాయి. లేబుల్ మీద 5 అని ఉన్నా, మోకాలి దగ్గర, మోచేతి దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని నొక్కితే పలచగా, జీవం లేకుండా, నొక్కిన గుర్తు వెంటనే పోకుండా ఉంటే అది 3 కింద లెక్క. భుజాల దగ్గర హ్యాంగర్ గుర్తు లోతుగా పడి ఉన్నా, మడత పెట్టిన గీత తెల్లగా కనిపిస్తున్నా ఇదే అర్థం.

సూట్ మార్చినప్పుడు సీసం లెక్క కూడా మారుతుంది. 5 మి.మీ. నిండు సూట్ పైన మూడు నాలుగు కిలోల తేలుడును ఇవ్వవచ్చు. 30 మీటర్లకు చేరేసరికి అందులో సగానికి పైగా మాయమవుతుంది, ఆ లోటును బీసీడీ అనే గాలి నింపుకునే జాకెట్‌లో గాలితో పూడ్చుకోవాలి. డెల్టా వైపు వారికి ఇందులో ఇంకో మెలిక ఉంది. వరదల తరువాత సెప్టెంబరు, అక్టోబరులలో ఈ తీరపు పైనీటిలో ఉప్పదనం బాగా పడిపోతుంది. నదులు ఎండిన వేసవిలో తిరిగి పెరుగుతుంది. ఉప్పదనంలో లీటరుకు 10 గ్రాముల తేడా వస్తే, పరికరాలతో కలిపి 100 కిలోలున్న మనిషికి ముప్పావు కిలో దరిదాపు తేలుడు తేడా వస్తుంది. వరదల కాలంలో సరిచూసుకున్న సీసంతో వేసవిలో దిగినవారు ఖాళీ అవుతున్న సిలిండర్‌తో సేఫ్టీ స్టాప్ దగ్గర నిలవలేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

పడవ మీద ఎండ, ఇంటి దగ్గర ఉప్పు

అడుగు కోసం ఎంచుకున్న సూట్‌ను పైన భరించడం వేరే సమస్య. దాన్ని పలచని సూట్‌తో కాకుండా అలవాటుతో పరిష్కరించుకోవాలి. పడవ బయలుదేరినప్పుడే సూట్ వేసుకోకూడదు. చోటు చేరి, లంగరు పడి, బ్రీఫింగ్ ముగిసిన తరువాత నడుము దాకా ఎక్కించి, దిగబోయే ముందే చేతులు దూర్చుకుని జిప్ వేయాలి. ఆలస్యమైతే సూట్ మీద సముద్రపు నీరు పోసుకోవాలి, లేదా ఒకసారి నీళ్లలో మునిగి లేవాలి. ఉదయం ఆరు గంటలకే బయలుదేరడం ఎండకే కాదు, మధ్యాహ్నానికి లేచే దక్షిణపు గాలికి కూడా విరుగుడు. మజ్జిగ, కొబ్బరినీళ్లు, మామూలు నీళ్లు ఏవైనా ముందు రోజు సాయంత్రం నుంచే ఎక్కువగా తాగాలి. ఒంట్లో నీరు తగ్గడం ఎండదెబ్బకూ, డీకంప్రెషన్ ముప్పుకూ రెంటికీ దారి తీయవచ్చు. తల తిరుగుతున్నా, చెమట ఆగిపోయినా ఆ డైవ్ మానుకోవాలి తప్ప, నీళ్లలో పడితే చల్లబడుతుందిలే అనుకోకూడదు.

ఇంటికి చేరాక సూట్‌ను మంచినీటిలో జాడించాలి. ఈ చిన్న పని కోనసీమ తీరపు ఊళ్లలో అంత తేలిక కాదు. చాలా చోట్ల బోరు నీరే ఉప్పన. వేసవిలో కాలువలు కట్టేసిన రోజులలో తాగే నీటికే చెరువు మీద ఆధారపడతారు. సూట్ ఉప్పు బోరు నీటిలో జాడిస్తే ఎండాక కుట్ల దగ్గర, జిప్ పళ్లలో తెల్లటి పొడి మిగిలిపోతుంది, రెండు సీజన్లలో జిప్ బిగుసుకుపోతుంది. అలాంటి చోట ఒక బకెట్ మంచినీటిని పక్కన పెట్టుకుని, ముందు బోరు నీటితో ఇసుక, బురద కడిగి, చివరి జాడింపు మాత్రం మంచినీటితో చేస్తే చాలు. ఆరవేసేది కొబ్బరి చెట్ల నీడనే గాని డాబా మీద ఎండలో కాదు. ఎండ తగిలిన నియోప్రీన్ పెళుసెక్కి బుడగలు చిట్లిపోతాయి. సన్నని తీగ హ్యాంగర్‌కు తగిలిస్తే భుజాలు నలుగుతాయి కాబట్టి వెడల్పాటి హ్యాంగర్ మీద, లోపలి వైపు బయటకు తిప్పి ఆరవేయాలి. తేమ ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో లోపలి వైపు ముందు ఆరకపోతే బూజు పడుతుంది. మడిచి అటక మీద పెట్టిన సూట్ తరువాతి మార్చికి బయటకు తీసేసరికి మడతల వెంట పలచబడి ఉంటుంది కాబట్టి, కొత్త సీజన్‌లో మొదటి డైవ్‌కు ముందు మోకాళ్లు, నడుము, మెడ పట్టీ దగ్గర మందాన్ని వేళ్లతో మరోసారి సరిచూసుకుని, తగ్గిందనిపిస్తే కొత్త సూట్ కొనేదాకా ఆ హుడ్ వెస్ట్‌ను కింద వేసుకుని తక్కువ లోతు ఓడలతో సరిపెట్టుకోవడం ఉత్తమం.